450 మిల్లీవోల్టుల దగ్గర నిలబెట్టే విద్య

కార్బ్యురేటర్ల కాలంలో ఇంజిన్‌లో గాలి, పెట్రోలు సరైన పాళ్లలో కలుస్తున్నాయో లేదో తేల్చడానికి మెకానిక్ తన చెవినీ, స్పార్క్ ప్లగ్గు రంగునీ నమ్ముకునేవాడు. ప్లగ్గు విప్పి చూస్తే మొన మసిబారి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోయి ఉంటే గాలి ఎక్కువ, లేత గోధుమ రంగులో ఉంటే సరిపోయినట్టు. ఆ చూపును నేను తక్కువ చేయను. చేతక్‌లు, రాజ్‌దూత్‌లు, అంబాసిడర్లు దశాబ్దాల పాటు ఆ చూపు మీదే తిరిగాయి. కానీ ప్లగ్గు చెప్పేది అప్పటిదాకా బండి నడిచిన నడక మొత్తానికి సగటు. గేరు మార్చి ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఏమైంది, ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే మిక్చర్ ఎటు జారింది అనేవి ఆ రంగులో కనిపించవు.

వాటిని చూపించేది వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్. పొగగొట్టానికి బిగించే చిన్న వస్తువు. దాన్ని తెచ్చి నేరుగా మీటరుకు తగిలిస్తే మాత్రం ఏమీ తెలియదు. దాన్ని నిర్ణీత వేడిలో ఉంచాలి, లోపలికి విద్యుత్తు పంపాలి, వచ్చిన స్పందనను చూసి మళ్లీ సరిదిద్దాలి. సెకనుకు కొన్ని వందల సార్లు ఈ పని చేసే ఒక కంట్రోలర్ కావాలి. అలాంటి కంట్రోలర్‌ను సొంతంగా తయారుచేసి, సర్క్యూటునూ ప్రోగ్రామునూ అందరూ చదివేలా బయటపెట్టే సంప్రదాయం ఒకటి ఇరవై ఏళ్లకు పైగా నడుస్తోంది. పెద్దగా పేరు రాని ఈ పనిలో ఎంత నేర్పు ఉందో చెప్పాలన్నది నా కోరిక.

ముందు లెక్క. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. సరిగ్గా అంత గాలి అందిన స్థితిని లాంబ్డా 1 అంటారు. గాలి తగ్గితే లాంబ్డా 1 కన్నా కిందికి దిగుతుంది, దాన్నే షెడ్డులో రిచ్ అంటాం. పెరిగితే పైకి పోతుంది, అది లీన్. ఇంజిన్ గరిష్ఠ శక్తి ఇచ్చేది 0.85, 0.9 మధ్య. మైలేజీ బాగా వచ్చేది 1.05 దగ్గర. పొగలోని విషవాయువులను విరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేసేది 1కి అటూ ఇటూ ఉన్న సన్నని పరిధిలో మాత్రమే. థ్రాటిల్ పూర్తిగా తెరిచి బరువు లాగుతున్న ఇంజిన్‌లో 0.87 ఉండాల్సింది 1.05కు చేరితే పిస్టన్‌కే ముప్పు. ఇంత దగ్గర దగ్గరగా ఉన్న అంకెల మధ్య తేడా ప్లగ్గు రంగుకు అందదు.

సెన్సర్ కథ కార్లు ఇంకా బొమ్మలుగా ఉన్న రోజుల్లో మొదలైంది. 1897లో జర్మనీలోని గొట్టింగెన్‌లో వాల్టర్ నెర్న్‌స్ట్ ఒక కొత్త దీపం కనిపెట్టాడు. జిర్కోనియం ఆక్సైడ్‌లో యిట్రియం ఆక్సైడ్ కలిపి చేసిన సిరామిక్ కడ్డీ అందులో వెలుగునిచ్చేది. చల్లగా ఉన్నప్పుడు ఆ కడ్డీ విద్యుత్తును ప్రవహించనివ్వదు. ముందు వేడి చేస్తేనే దారి ఇస్తుంది, ఎందుకంటే దానిలో ప్రవహించేవి ఆక్సిజన్ అయాన్లు. ఫిలమెంటు బల్బులు మెరుగయ్యాక ఆ దీపం మూలపడింది. నెర్న్‌స్ట్‌కు 1920 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది, దీపానికి కాదు, ఉష్ణరసాయన శాస్త్రంలో చేసిన కృషికి. కానీ ఆ సిరామిక్ గుణం, రెండు వైపులా ఆక్సిజన్ మోతాదు వేరైతే ఎంత వోల్టేజి పుడుతుందో చెప్పే ఆయన సమీకరణం కలిసి ఎనభై ఏళ్ల తర్వాత కార్ల పొగగొట్టంలోకి చేరాయి.

ఈ జిర్కోనియంతో మనకూ చుట్టరికం ఉంది. శ్రీకాకుళం నుంచి భీమిలి దాకా మన తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు జిర్కాన్ ఉంటుంది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1970ల నుంచి జిర్కాన్ ఇసుకను ముందు ఆక్సైడ్‌గా మార్చి, ఆ తర్వాత అణు రియాక్టర్ల గొట్టాలకు కావాల్సిన లోహంగా చేస్తోంది. కారు సెన్సర్‌లో ఉన్నదీ ఆ ఆక్సైడ్ కుటుంబానిదే.

బాష్ సంస్థ తయారుచేసిన మొదటి లాంబ్డా సెన్సర్ 1976లో, కాలిఫోర్నియా మార్కెట్ కోసం చేసిన వోల్వో కార్లలో వచ్చింది. ఈ పాత తరం సెన్సర్‌ను నారోబ్యాండ్ అంటారు. దానికి ఒక వైపు పొగ, మరో వైపు బయటి గాలి. మిక్చర్ రిచ్‌గా ఉంటే 0.9 వోల్టు దాకా, లీన్‌గా ఉంటే 0.1 వోల్టు. మధ్యలో, లాంబ్డా 1 దగ్గర, వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది. కన్వర్టర్ ఉన్న కారుకు ఇది చాలు, ఎందుకంటే దానికి కావాల్సింది 1 చుట్టూ ఊగుతూ ఉండటమే. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు కన్వర్టర్, దానికోసం సీసం లేని పెట్రోలు వచ్చాయి. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. అది ఆగకపోయి ఉంటే ఇక్కడ ఏ ఆక్సిజన్ సెన్సరూ ఎక్కువ కాలం బతికేది కాదు. సీసం దాని ప్లాటినం పొరను చంపేస్తుంది.

ఇంజిన్ ట్యూనింగ్ చేసేవాడికి నారోబ్యాండ్ సరిపోదు. 0.87 ఉందా, 0.80 ఉందా అని అడిగితే రెండింటికీ అది దాదాపు ఒకే జవాబు ఇస్తుంది. అక్కడే వైడ్‌బ్యాండ్ అవసరం పడింది. 1990ల మొదట్లో జపాన్ సంస్థ ఎన్‌టీకే సెన్సర్‌తో హోండా సివిక్ వీఎక్స్ వచ్చింది. ఆ తర్వాత బాష్ నుంచి ఎల్‌ఎస్‌యూ వరస వచ్చింది. ఈ రోజు సొంతంగా కంట్రోలర్ కట్టేవాళ్లలో ఎక్కువమంది ఎంచుకునేది ఎల్‌ఎస్‌యూ 4.9.

దీని లోపలి ఏర్పాటు చూస్తే నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. సిరామిక్ పలకల మధ్య ఒక అతి సన్నని ఖాళీ ఉంటుంది. పొగ చిన్న రంధ్రం గుండా నెమ్మదిగా అందులోకి చొరబడుతుంది. ఆ ఖాళీకి ఒక పక్క నెర్న్‌స్ట్ సెల్, అంటే పాత నారోబ్యాండ్ లాంటిదే. ఇంకో పక్క పంప్ సెల్. పంప్ సెల్‌లోకి విద్యుత్తు ఒక దిక్కున పంపితే ఖాళీలోని ఆక్సిజన్ బయటికి పోతుంది, దిక్కు మారిస్తే ఆక్సిజన్ లోపలికి వస్తుంది. కంట్రోలర్ పని ఒక్కటే. నెర్న్‌స్ట్ సెల్ ఎప్పుడూ 450 మిల్లీవోల్టులే చూపేలా, అంటే ఖాళీలో ఎప్పుడూ లాంబ్డా 1 ఉండేలా, పంపు విద్యుత్తును హెచ్చుతగ్గులు చేస్తూ పోవాలి. లీన్ పొగ వస్తే మిగులు ఆక్సిజన్‌ను తోడెయ్యాలి. రిచ్ పొగ వస్తే కాలకుండా మిగిలిన హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్‌లకు సరిపడా ఆక్సిజన్ అందించాలి. అలా నిలబెట్టడానికి ఎంత విద్యుత్తు పట్టిందో, అదే కొలత. తక్కెడలో ముల్లు మధ్యలో నిలిచేదాకా రాళ్లు వేసి, ఎన్ని రాళ్లు వేశామో చూసి బరువు చెప్పినట్టే ఇదీ. ముల్లు ఎంత ఒరిగిందో చూసి బరువు అంచనా వేయడం నారోబ్యాండ్ పద్ధతి.

ఆ 450 మిల్లీవోల్టుల వెనక ఎంత సున్నితత్వం దాగుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. సెన్సర్ పనిచేసే 780 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆక్సిజన్ మోతాదు రెండు వైపులా పదింతలు తేడా ఉంటే నెర్న్‌స్ట్ సమీకరణం ప్రకారం పుట్టేది సుమారు 52 మిల్లీవోల్టులు. అంటే 450 మిల్లీవోల్టులు కనిపించాలంటే నెర్న్‌స్ట్ సెల్‌కు ఖాళీ లేని రెండో వైపు, అంటే రెఫరెన్స్ వైపు, ఉన్న ఆక్సిజన్ ఖాళీలో ఉన్నదానికి దాదాపు 40 కోట్ల రెట్లు ఉండాలి. పొగ నిరంతరం మారుతున్న గొట్టంలో, ఆ నిష్పత్తిని చెదరకుండా పట్టి ఉంచుతోంది కొన్ని రూపాయల ఆప్-యాంపులూ ఒక చిన్న మైక్రోకంట్రోలరూ.

చెప్పినంత తేలిగ్గా అది జరగదు. మొదటి చిక్కు వేడితోనే వస్తుంది. సెన్సర్‌లో ఒక హీటర్ ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పొగగొట్టంలో నీటి బిందువులు ఉంటాయి. ఎర్రగా కాలిన సిరామిక్ మీద ఒక్క బొట్టు పడితే చాలు, పగులుతుంది. అందుకే ముందు రెండు వోల్టుల లోపు ఇచ్చి గోరువెచ్చగా ఉంచుతారు. తేమ ఆరాక 8.5 వోల్టులతో మొదలుపెట్టి, సెకనుకు 0.4 వోల్టుల చొప్పున పెంచుకుంటూ పోతారు. 13 వోల్టులకు చేరడానికి పదకొండు సెకన్లు పడుతుంది. ఈ ఓపిక చూపని కంట్రోలర్ ఎన్ని సెన్సర్లను మింగుతుందో చెప్పలేం.

ఇక్కడ కొత్తవాళ్లు పప్పులో కాలేసే చోటు ఒకటి ఉంది. హీటర్‌కు వోల్టేజి తగ్గించడమంటే బ్యాటరీ కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేయడమే. బ్యాటరీ 14 వోల్టులు, కావాల్సింది 8.5. భాగిస్తే 61 శాతం వస్తుంది కదా అని అంతసేపు ఆన్ చేస్తే హీటర్‌కు తగిలేది దాదాపు 11 వోల్టులతో సమానమైన వేడి. వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఆ భాగఫలాన్ని కూడా వర్గం చేయాలి. అప్పుడు సరైన జవాబు 37 శాతం. బ్యాటరీ వోల్టేజిని కంట్రోలర్ ఎప్పటికప్పుడు చూసుకుంటూ ఈ లెక్క మళ్లీ మళ్లీ వేసుకోవాలి. ప్రోగ్రాములో ఇది ఒక్క వరుస. మూసి ఉన్న డబ్బాలో ఆ వరుస సరిగా ఉందో లేదో కొనుక్కున్నవాడికి ఎప్పటికీ తెలియదు.

వేడి సరిపోయిందని ఎలా తెలుస్తుంది? అంత చిన్న సిరామిక్ ముక్కలో థర్మామీటర్ పెట్టరు. నెర్న్‌స్ట్ సెల్ నిరోధమే థర్మామీటర్. చల్లగా ఉన్నప్పుడు అది లక్షల ఓములు, 780 డిగ్రీల దగ్గర ఎల్‌ఎస్‌యూ 4.9లో సరిగ్గా 300 ఓములు. పాత ఎల్‌ఎస్‌యూ 4.2 అయితే అది పనిచేసే వేడి దగ్గర 80 ఓములు. 300 దగ్గర నిలబడేలా హీటర్‌ను నడిపితే వేడి తనంతట తాను కుదురుతుంది. మళ్లీ అదే పద్ధతి, దేన్నో ఒకదాన్ని కదలకుండా నిలబెట్టడం.

కానీ ఆ నిరోధాన్ని కొలవాల్సిన తీగ మీదే 450 మిల్లీవోల్టుల కొలత కూడా జరుగుతోంది. ఒకటి ఇంకోదాన్ని చెడగొట్టకుండా రెండూ ఎలా? ఓపెన్ సోర్స్ బోర్డుల్లో కనిపించే ఉపాయం ఎంతో సొగసైనది. మైక్రోకంట్రోలర్ తన కాలు ఒకదాన్ని వేగంగా పైకీ కిందికీ మారుస్తూ, పెద్ద రెసిస్టరు గుండా చిన్న కరెంటును సెల్‌లోకి ఒకసారి తోస్తుంది, ఒకసారి లాగుతుంది. ప్రతి మార్పు చివర వోల్టేజి చదువుతుంది. వరుసగా వచ్చిన మూడు రీడింగుల్లో మొదటిదీ మూడోదీ కలిపి సగటు చేసి, దాన్నుంచి మధ్యదాన్ని తీసేస్తే మిగిలేది నిరోధం వల్ల వచ్చిన ఊపు మాత్రమే. ఆ సగటుకూ మధ్యదానికీ నడిమి విలువ తీసుకుంటే అసలు నెర్న్‌స్ట్ వోల్టేజి చేతికొస్తుంది. రెండు పక్కల రీడింగుల సగటు ఎందుకంటే, కొలుస్తున్న ఆ కాస్త సమయంలోనే పొగ మారి వోల్టేజి ఒక దిక్కుకు జరిగినా లెక్క తప్పకుండా ఉండటానికి. ఈ మూడు వరుసల ప్రోగ్రాము మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది.

ఇక పంపు విద్యుత్తు. స్వచ్ఛమైన గాలిలో ఎల్‌ఎస్‌యూ 4.9కు సుమారు 2.54 మిల్లీఆంపియర్లు. లాంబ్డా 1 దగ్గర దాదాపు సున్నా. 0.65 దగ్గర దిక్కు మారి 2 మిల్లీఆంపియర్లు. దీన్ని 61.9 ఓముల రెసిస్టరు మీద పడే వోల్టేజిగా చదువుతారు. రిచ్ వైపు లాంబ్డా 0.80 నుంచి 0.81కు మారితే అక్కడ కనిపించే తేడా సుమారు మూడు మిల్లీవోల్టులు. పక్కనే హీటర్ తీగలో ఆంపియర్ల కొద్దీ కరెంటు కొట్టుకుంటూ ఉంటుంది. బోర్డు మీద రాగి దారులు గీసేవాడి నేర్పంతా ఆ మూడు మిల్లీవోల్టులను ఆ హోరు నుంచి కాపాడటంలోనే ఉంది. హీటర్ గ్రౌండ్ దారి కొలత గ్రౌండ్ దారిని ఎక్కడా పంచుకోకూడదు, రెండూ ఒకే చోట కలవాలి. సెన్సర్ కనెక్టరులోనూ ఒక చిన్న రెసిస్టరు ఉంటుంది. ప్రతి సెన్సర్ సిరామిక్ కాస్త తేడాగా తయారవుతుంది కాబట్టి, ఫ్యాక్టరీలో లేజర్‌తో ఆ రెసిస్టరును తగ్గట్టు సరిచేసి పంపుతారు. అందుకే కనెక్టరు కోసి వేరేది అతకడమంటే ఆ సెన్సర్ క్యాలిబ్రేషన్‌ను పారేసుకోవడమే.

ఈ విద్య జనం చేతికి ఎలా వచ్చిందో చెప్పాలి. 2000ల మొదట్లో వైడ్‌బ్యాండ్ మీటరంటే ప్రయోగశాల వస్తువు, మామూలు మెకానిక్ కొనగలిగే ధర కాదు. అప్పట్లో సొంతంగా కట్టుకునే వైడ్‌బ్యాండ్ కోసం కొందరు ఔత్సాహికులు కలిసి పనిచేశారు. ఆస్ట్రేలియాలోని క్యాన్‌బెర్రా నుంచి టెక్ ఎడ్జ్ కిట్లు ఆ ఒరవడిలోనే వచ్చాయి. అదే కాలంలో అమెరికాలో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిపో కలిసి మెగాస్క్విర్ట్ తెచ్చారు. ఇంజిన్‌కు పెట్రోలు చిమ్మే కంప్యూటరును ఇంట్లో టంకం వేసి తయారుచేసుకోవచ్చని వేలమందికి చూపింది అదే. అయితే దాని తర్వాతి తరాల ప్రోగ్రామును చదవొచ్చు గానీ, వేరే బోర్డు మీద వాడుకోవడానికి షరతులు ఉండేవి. ఆ షరతులు కూడా లేకుండా ఆస్ట్రేలియాలో ఆర్డుయినో మెగా మీద స్పీడుయినో, ఇంకో పక్క రస్‌ఈఎఫ్‌ఐ వచ్చాయి. రస్‌ఈఎఫ్‌ఐ చుట్టూ చేరినవాళ్లలోంచే ఎస్‌టీఎం32 కుటుంబపు చిన్న మైక్రోకంట్రోలర్‌తో నడిచే ఓపెన్ సోర్స్ వైడ్‌బ్యాండ్ కంట్రోలర్ పుట్టింది. పైన చెప్పిన మూడు రీడింగుల ఉపాయం నేను చదివింది దాని ప్రోగ్రాములోనే.

ఇలాంటి కంట్రోలర్ కట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి, బాష్ తన కంట్రోల్ యూనిట్ల కోసం చేసిన సీజే125 అనే చిప్పు వాడటం. పంపు నడపడం, నిరోధం కొలవడం అదే చూసుకుంటుంది, మనం రెండు వోల్టేజీలు చదివి హీటర్ నడిపితే సరి. ఎన్నో ఆర్డుయినో ప్రాజెక్టులు ఈ దారినే వచ్చాయి, త్వరగా పని జరుగుతుంది. రెండోది, మామూలు ఆప్-యాంపులు, రెసిస్టర్లు, మైక్రోకంట్రోలర్‌తో అన్నీ మనమే చేయడం. నేను రెండో దారి వైపే మొగ్గుతాను. చిప్పు ఇచ్చే జవాబు మంచిదే అయినా అది ఎలా వచ్చిందో చూసే వీలు లేదు, నచ్చని చోట మార్చే వీలూ లేదు. రెండో దారిలో ప్రతి అంకెకూ పుట్టుక కనిపిస్తుంది. ఏ భాగం దొరకకపోయినా వేరేది వేసుకోవచ్చు, సెన్సర్ మోడల్ మారితే పంపు విద్యుత్తును లాంబ్డాగా మార్చే పట్టిక మార్చుకోవచ్చు.

కొలతను దాచకపోవడం ఎందుకు ముఖ్యమో నాకు తగిలిన ఒక సంగతి చెబుతాను. మిత్రుడి కారులో అమర్చిన ఒక రెడీమేడ్ మీటరు డయల్ మీద గాలి-పెట్రోలు నిష్పత్తి 12.5 చూపిస్తుంటే, ఇంజిన్ కంప్యూటరులో 12.7 కనిపించేది. రెండింట్లో ఏది నమ్మాలి? మీటరు 0 నుంచి 5 వోల్టుల సంకేతం పంపుతుంది, 10 నుంచి 20 దాకా ఉన్న నిష్పత్తి ఆ 5 వోల్టుల్లో ఇమిడి ఉంది. మీటరు గ్రౌండ్ తీగకూ కంప్యూటరు గ్రౌండ్ తీగకూ మధ్య 0.1 వోల్టు తేడా ఉంటే చాలు, 0.2 నిష్పత్తి తప్పు వచ్చేస్తుంది. తేడా వచ్చింది సరిగ్గా అక్కడే. ఆ డబ్బాలో ఆ సంకేతం ఎలా పుడుతోందో తెలిసే వీలు లేక రెండు రోజులు వేరే చోట వెతికాం. కొత్త ఓపెన్ సోర్స్ కంట్రోలర్లు ఈ చిక్కును మొదలంటా తీసేశాయి. అవి అంకెను వోల్టేజిగా మార్చకుండా, బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ బస్ తీగల మీద నేరుగా అంకెగానే పంపుతాయి. దాంతో పాటు సెన్సర్ నిరోధం ఎంత, హీటర్ ఎంత కష్టపడుతోంది, ఏదైనా లోపం ఉందా అన్నవీ పంపుతాయి. 0.87 అనే అంకె వచ్చినప్పుడు అది 300 ఓముల దగ్గర కుదురుగా ఉన్న సెన్సర్ చెప్పిందా, వేడెక్కక ముందే తొందరపడి చెప్పిందా అని పక్కనే చూసుకోవచ్చు.

కట్టాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. సర్క్యూట్ గీయడానికి కికాడ్ ఉచితంగా దొరుకుతుంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌కు చెందిన జాన్-పియెర్ షారాస్ 1992లో మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఎందరికో ప్రధాన పనిముట్టు. బోర్డు వచ్చాక, భాగాలు టంకం వేశాక సెన్సర్‌ను వెంటనే తగిలించవద్దు. ముందు విద్యుత్ సరఫరా వోల్టేజీలు చూడాలి. తర్వాత సెన్సర్ స్థానంలో మామూలు 300 ఓముల రెసిస్టరు పెట్టి, ప్రోగ్రాము దాన్ని 300గానే చదువుతోందా అని చూడాలి. ఆ పరీక్ష దాటాక హీటర్ స్థానంలో పెద్ద వాటేజీ రెసిస్టరు పెట్టి, వోల్టేజి మెట్లు మెట్లుగా పెరుగుతోందా అని చూడాలి. ఇవన్నీ సరిపోయాకే అసలు సెన్సర్. దాన్ని గదిలో గాలికి వేలాడదీసి నడిపితే పంపు విద్యుత్తు 2.54 మిల్లీఆంపియర్ల దగ్గర కుదరాలి. పని చేస్తున్నప్పుడు అది చాలా వేడిగా ఉంటుంది కాబట్టి ప్లాస్టిక్‌కూ చేతులకూ దూరంగా ఉంచాలి. మోటారు వాహనంలో ఆల్టర్నేటర్ నుంచి ఒక్కోసారి నలభై వోల్టులకు పైన కెరటాలు రావచ్చు. వాటిని మింగే రక్షణ డయోడు లేకుండా బోర్డును బండికి తగిలించకూడదు.

బండికి బిగించే విషయంలోనూ జాగ్రత్తలున్నాయి. సెన్సర్ మొన కిందికి చూసేలా, అడ్డంగా గీసిన గీతకు కనీసం పది డిగ్రీలు పైకి వంచి పెట్టాలి, లేకపోతే తేమ అందులో నిలుస్తుంది. సెన్సర్ ముందు ఎక్కడ పొగగొట్టం చిల్లుపడినా బయటి గాలి లోపలికి పీల్చుకుని అది లీన్ అని చెబుతుంది. ఇంజిన్ మిస్ కొడుతుంటే కూడా అంతే. కాలని పెట్రోలుతో పాటు కాలని ఆక్సిజన్ కూడా బయటికి వస్తుంది, సెన్సర్‌కు కనిపించేది ఆక్సిజనే కాబట్టి అది లీన్ అంటుంది, దాన్ని నమ్మి పెట్రోలు పెంచితే మిస్సింగ్ ఇంకా పెరుగుతుంది. అందుకే ప్లగ్గు చూసే పాత కన్నును ఈ సెన్సర్ వచ్చిందని వదిలేయకూడదు.

ఇప్పుడు మన దగ్గర ఈ పనికి ఒక కొత్త అవసరం వచ్చింది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఈ20, 2023 నుంచి బంకుల్లోకి రావడం మొదలై ఇప్పుడు మామూలైపోయింది. స్వచ్ఛమైన ఇథనాల్ కాలడానికి 9 రెట్ల గాలి చాలు. ఈ20కి లెక్కిస్తే సుమారు 13.5 వస్తుంది. ఇక్కడ ఎంతోమంది తికమకపడుతున్నారు. సెన్సర్ కొలిచేది లాంబ్డానే, ఇంధనం ఏదైనా సరే. మీటరు దాన్ని 14.7తో హెచ్చించి పెట్రోలు నిష్పత్తిగా చూపిస్తుంది, అంతే. ఈ20 పోసినా సరైన మిక్చర్ దగ్గర మీటరు 14.7 అనే చూపుతుంది. అది తెలియక, ఈ20కి 13.5 రావాలి కదా అని మీటరు మీద 13.5 వచ్చేదాకా సరిచేస్తే లాంబ్డా 0.92కు దిగి, ఎనిమిది శాతం పెట్రోలు వృథాగా కాలుతుంది. మీటరును లాంబ్డాలోనే చూడటం అలవాటు చేసుకుంటే ఈ చిక్కే ఉండదు. ఓపెన్ కంట్రోలర్లో అది ఒక సెట్టింగు మాత్రమే.

ఇంజెక్షన్ ఉన్న బండి తన సెన్సర్‌తో కొంతవరకు సర్దుకుంటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చినప్పటి నుంచి మన కొత్త బైకుల్లో చాలావాటికి ఆ సదుపాయం ఉంది. పాత కార్బ్యురేటర్ బండికి లేదు. స్వచ్ఛమైన పెట్రోలుకు, ఇంధనం వదిలే జెట్టు సరిచేసిన బండిలో ఈ20 పోస్తే, అదే జెట్టు గుండా వచ్చే ఇంధనంతో మిక్చర్ లెక్క ప్రకారం ఏడెనిమిది శాతం లీన్ అవుతుంది. ఏ జెట్టు నంబరు మార్చాలో, ఏ థ్రాటిల్ దగ్గర ఎంత తేడా వచ్చిందో కొలిచి చెప్పగల పనిముట్టు మన షెడ్లలో అరుదు. సైలెన్సర్ గొట్టానికి బంగ్ అనే మరల రింగు ఒకటి వెల్డింగ్ చేయించి, సెన్సర్ బిగించి, ఇంట్లో కట్టిన బోర్డుతో చూస్తే ఒక మధ్యాహ్నంలో తేలే పని అది.

కోయంబత్తూరు కారీ మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్‌కు ఏటా ఇంజినీరింగ్ విద్యార్థులు తాము కట్టిన రేసుకార్లతో వస్తారు. ఇంజిన్ ట్యూనింగ్ దగ్గరికి వచ్చేసరికి ఒక్క వైడ్‌బ్యాండ్ మీటరు ఖర్చు చిన్న కాలేజీ జట్టుకు భారమే. ఈ బోర్డు కట్టే పనిలో నెర్న్‌స్ట్ సమీకరణం, ఫీడ్‌బ్యాక్, హీటర్ లెక్క, క్యాన్ బస్ అన్నీ చేతికి తగులుతాయి. మన పాలిటెక్నిక్‌లలో ఎలక్ట్రానిక్స్ పిల్లలూ ఆటోమొబైల్ పిల్లలూ వేర్వేరు గదుల్లో కూర్చుంటారు. ఒక సెమిస్టరుకు వాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి ఈ కంట్రోలర్ కట్టించాలని నా గట్టి కోరిక. సర్క్యూటు బొమ్మ, ప్రోగ్రాము ఇప్పటికే అందుబాటులో ఉన్నాయి. కావాల్సింది ఒక సెన్సర్, కొన్ని భాగాలు, కట్టే క్రమాన్ని మొదటి రెసిస్టరు నుంచి చివరి పరీక్ష దాకా తెలుగులో రాసిపెట్టిన ఒక పుస్తకం. ఆ పుస్తకం రాయడానికి ముందుకు వచ్చే అధ్యాపకులెవరైనా ఉంటే, వాళ్ల పక్కన కూర్చుని పని చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.